అమ్మానాన్నలతో డచ్ అత్తవారింటికి: శనివారం హుట్‌స్పాట్, ఆదివారం స్నెర్ట్. సలహా చెప్పండి

తెనాలి అమ్మాయి (ఉట్రెఖ్ట్) | బుధవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక సలహా కావాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.

మావారు డచ్చివారు. మా పెళ్లయి రెండేళ్లయింది. అమ్మా నాన్నా మొదటిసారి తెనాలి నుంచి నెదర్లాండ్స్ వచ్చి పది రోజులైంది. ఈ శనివారం లైడెన్‌లో మా అత్తగారు అందరినీ రాత్రి భోజనానికి పిలిచారు. ఆదివారం ఫ్రీస్‌లాండ్ వెళ్లాలి. అక్కడ బోల్స్‌వార్డ్ దగ్గర పల్లెటూళ్లో మావారి నానమ్మ ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఓమా అంటారు. ఆవిడకి 88 ఏళ్లు, పెళ్లికి తెనాలి రాలేకపోయింది. మా అమ్మానాన్నల్ని చూడాలని రెండేళ్లుగా అడుగుతోంది.

ఇది కార్తీక మాసం. అమ్మా నాన్నా నెలంతా నీచు ముట్టరు, గుడ్డు కూడా తినరు. అత్తగారేమో హుట్‌స్పాట్ చేస్తానన్నారు, అంటే బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయ ఉడికించి మెదిపే కూర. దాని పక్కన గొడ్డుమాంసం వడ్డిస్తారని నాకు తెలుసు. ఓమా స్నెర్ట్ చేస్తానంది, అంటే పంది మాంసం వేసి కాచే బఠానీ పప్పు చారు. ఇద్దరూ ఇంత ప్రేమగా చేస్తానన్నవాటిని వద్దని ఎలా చెప్పను? అమ్మ మాత్రం "మేం ఇంట్లో తినేసి వస్తాంలే, అక్కడ కాఫీ తాగి కూర్చుంటాం" అంటోంది. నాకది నచ్చలేదు.

---

హేగ్ పెద్దక్క (ద హేగ్) | బుధవారం, రాత్రి 10:15

తినేసి మాత్రం వెళ్లొద్దమ్మా. ఇక్కడ భోజనానికి పిలవడం చిన్న విషయం కాదు. ఎంతమంది వస్తున్నారో లెక్క చూసుకుని, మనిషికి ఇన్ని బంగాళాదుంపలని చెక్కు తీసి వండుతారు. కూర్చుని తినకపోతే ఆవిడ మనసు చాలా నొచ్చుకుంటుంది.

నేనీ దేశం వచ్చి 22 ఏళ్లు. మొదట్లో నేనూ నీలాగే మొహమాటపడేదాన్ని. మన వైపు "వద్దండీ" అన్నా మూడోసారి వడ్డిస్తారు. ఇక్కడ వద్దంటే వద్దనే, తీసేస్తారు. అలాగే ముందుగా చెబితే ఏమీ అనుకోరు, చెప్పకపోతేనే బాధపడతారు. రేపు పొద్దున్నే అత్తగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. "మా వాళ్లకిది పూజల నెల, మాంసం, చేప, గుడ్డు తినరు, పాలు, వెన్న, జున్ను తింటారు" అను. అంతకంటే వివరణ అక్కర్లేదు.

చీజ్ కొనేటప్పుడు మాత్రం చూసుకో. చాలా రకాల్లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. అమ్మకి పట్టింపు ఉంటే శాకాహార రెనెట్ అని రాసి ఉన్నది తీసుకో.

---

లైడెన్ విద్యార్థి | బుధవారం, రాత్రి 10:32

అక్కా, మీ అత్తగారిది లైడెన్ అయితే హుట్‌స్పాట్ ఆ ఊరి పండగ వంట. 1574లో స్పానిష్ సైన్యం ఈ ఊరిని ముట్టడించి నెలల తరబడి తిండి లోపలికి రానివ్వలేదు. చివరికి డచ్చివాళ్లు కరకట్టలు తెగ్గొట్టి పొలాల మీదికి నీళ్లు వదిలారు. అక్టోబరు 3న శత్రువు పారిపోయాడు. ఖాళీ అయిన శిబిరంలో ఒక అనాథ పిల్లాడికి ఇంకా వేడిగా ఉన్న కూర కుండ దొరికిందని, అదే హుట్‌స్పాట్ అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. అప్పటికి బంగాళాదుంప ఇక్కడి వంటిళ్లకి చేరలేదు, పార్స్‌నిప్ అనే తెల్ల దుంపతో వండేవారు. ఇప్పటికీ ఏటా అక్టోబరు 3న ఊరికి సెలవు. పొద్దున హేరింగ్ చేప, తెల్ల రొట్టె పంచుతారు, రాత్రికి ఇంటింటా హుట్‌స్పాట్ వండుతారు.

మీ అమ్మగారికి ఇబ్బంది ఉండదు. క్యారెట్, ఉల్లిపాయ, బంగాళాదుంప ఉడకబెట్టి వెన్న వేసి మెదపడమే. మాంసం పక్కన వేరుగా వడ్డిస్తారు. దాన్ని అదే గిన్నెలో ఉడికించకుండా ఉంటే చాలు.

---

ఐందోవెన్ ఇంజినీరు | బుధవారం, రాత్రి 11:05

నా అనుభవం వేరు, అదీ చెప్పాలి. పోయినేడు మా అమ్మ వచ్చినప్పుడు పక్కింటివాళ్లు కాఫీకి పిలిచారు. మేం రెండు కిలోల పూతరేకులు, పళ్లు పట్టుకెళ్లాం. వాళ్లు కాఫీతో తలా ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసి అలమారలో పెట్టేశారు. మేం తెచ్చిన పూతరేకులు విప్పనే లేదు. దారిలో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మన ఊళ్లో పోస్ట్‌మ్యాన్ వచ్చినా మజ్జిగ ఇస్తాం కదా. ఆ తర్వాత నేను అమ్మని ఎవరింటికీ తీసుకెళ్లలేదు. మీ అమ్మగారికి అలాంటిది ఎదురవకూడదని చెబుతున్నాను.

---

హేగ్ పెద్దక్క | బుధవారం, రాత్రి 11:20

తమ్ముడూ, మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది. నాకూ మొదటి ఏడాది ఇదే జరిగింది, ఇంటికొచ్చి ఏడ్చాను. వాళ్లు కావాలని చిన్నచూపు చూడలేదు, కానీ మనకు నొప్పి నొప్పే. కాఫీ పిలుపంటే ఇక్కడ కాఫీయే. గంటో గంటన్నరో కూర్చుని మాట్లాడుకోవడానికి పిలుస్తారు. ఆ గంటన్నరలో ఎవరూ ఫోన్ చూడరు, టీవీ పెట్టరు. ఆ సంగతి నాకు పట్టడానికి చాలా కాలం పట్టింది.

---

మాస్ట్రిఖ్ట్ కోడలు | గురువారం, ఉదయం 7:50

దేశమంతా ఒకటే అనుకోకండి. నాది దక్షిణాన లింబర్గ్ అత్తవారిల్లు. ఇక్కడ పుట్టినరోజంటే బల్ల మీద నాలుగైదు రకాల ఫ్లాయ్ (పళ్లు నింపి కాల్చే తీపి రొట్టె) ఉంటాయి. చెర్రీది, ఆప్రికాట్‌ది, అన్నం పాలతో ఉడికించి నింపినది కూడా. అన్నం ఫ్లాయ్ మా నాన్నకి బాగా నచ్చింది, పరమాన్నం రొట్టెలో పెట్టినట్టుందన్నారు. మా అత్తగారు రెండో ముక్క తినకపోతే ఊరుకోదు. బ్రబాంట్, లింబర్గ్ వైపు తిండి దగ్గర చెయ్యి కొంచెం పెద్దది.

తెనాలి అమ్మాయి గారూ, ఉత్త చేతులతో వెళ్లకండి, అలాగని క్యారియర్లు కూడా వద్దు. అత్తగారికి పూలు, ఓమాకి పూల మొక్క చాలు. అయిదింటికి రమ్మంటే సరిగ్గా అయిదింటికే వెళ్లండి.

---

బందరు లడ్డు (ఆమ్స్‌టెల్‌వేన్) | గురువారం, ఉదయం 9:10

ఒక మాట కలుపుతాను, బందరువాణ్ణి కనుక. మన పాతవాళ్లు డచ్చివాళ్లని వలందులు అనేవారు. మా ఊళ్లో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. 1605లో మన తీరంలో వాళ్లు వర్తకం మొదలుపెట్టింది మచిలీపట్నంలోనే. భీమిలిలో, బందరులో వాళ్ల సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి.

మన తీరంలో నేసి అద్దకం వేసిన బట్టని తూర్పు దీవులకి పట్టుకెళ్లి, దానికి మారుగా లవంగం, జాజికాయ, జాపత్రి తెచ్చుకునేవారు. డచ్ వంటలో ఈ దినుసులు ఈనాటికీ ఉన్నాయి. ఉడికించిన కాలీఫ్లవర్ మీద జాజికాయ గీరతారు. డిసెంబరు మొదట్లో వచ్చే సింటర్‌క్లాస్ పండగ రోజుల్లో తినే స్పెకులాస్ బిస్కెట్లలో దాల్చినచెక్క, లవంగం, జాజికాయ అన్నీ పడతాయి. ఆ దినుసుల వెనక నెత్తురు కూడా ఉంది. 1621లో జాజికాయ కోసం బాండా దీవుల జనాన్ని దాదాపు తుడిచిపెట్టేశారు. అది మరిచిపోకూడదు.

మన ఆ అద్దకం బట్టని వీళ్లు సిట్స్ అంటారు. మీరెళ్లే దారికి దగ్గర్లో హిందెలోపెన్ అని చిన్న ఊరుంది. అక్కడి ఆడవాళ్లు కోరమండల్ తీరం నుంచి వచ్చిన ఆ సిట్స్‌తోనే పొడుగు కోట్లు కుట్టించుకునేవారు. ఊళ్లో మ్యూజియం ఉంది. వీలైతే నాన్నగారికి చూపించండి.

---

తెనాలి అమ్మాయి | గురువారం, మధ్యాహ్నం 1:25

పెద్దక్కా, చెప్పేశాను! అత్తగారు ఒక్క క్షణం ఆగి, "ముందే చెప్పావు, మంచిదైంది. మాంసం వేరే కుండలో వండుతాను, మీ వాళ్లకి శాకాహార గెహాక్ట్‌బాల్ (మామూలుగా కైమాతో చేసే ఉండలు) తెస్తాను, అవీ వేరే పెనం మీదే" అన్నారు. తర్వాత తనే మళ్లీ ఫోన్ చేసి, బంగాళాదుంపల్లో పాలు పోయొచ్చా అని అడిగారు. నాకు కళ్లు చెమర్చాయి.

అమ్మ గోంగూర పచ్చడి తెస్తానంటోంది. దాని సంగతి కూడా అడిగేశాను. "తప్పకుండా తెమ్మను" అన్నారు.

---

కడప పొంగనం (రాటర్‌డామ్) | గురువారం, సాయంత్రం 6:40

ఫ్రీస్‌లాండ్ ఓమా ఇంట్లో పోఫర్చెస్ అనే చిన్న చిన్న తీపి అట్లు వేసే పెనం ఉందేమో చూడండి. పాత ఇళ్లలో ఇనుపది ఉంటుంది. అది చూస్తే మీ అమ్మగారి మొహం వెలిగిపోతుంది. ఇప్పుడే చెప్పేయను.

---

తెనాలి అమ్మాయి | సోమవారం, రాత్రి 8:55

వెళ్లొచ్చాం. ఈరోజు కార్తీక సోమవారం. అమ్మ ఉపవాసం విడిచాక, పడుకునే ముందు రాస్తున్నాను. పొడుగవుతుంది, ఏమనుకోకండి.

శనివారం అయిదింటికి లైడెన్‌లో తలుపు తట్టాం. సరిగ్గా ఆరింటికి భోజనం. బల్ల మధ్యలో కుండ, పైన కరిగిన వెన్న. అత్తగారు అందరికీ చూపించారు, గరిటె వెనకవైపుతో హుట్‌స్పాట్ మధ్యలో చిన్న గుంట చేసి అందులో గ్రేవీ పొయ్యాలని. అమ్మానాన్నలకి విడిగా వెన్నలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి చేశారు. అమ్మ వెంటనే, "అన్నంలో పప్పుచారుకి మనం చేసే గుంటేగా ఇది!" అంది. నేనది చెబితే మా మామగారు పిల్లాడిలా సంబరపడ్డారు. ఆయన చిన్నప్పుడు గుంట గట్టు తెగి గ్రేవీ బయటికొస్తే వాళ్లమ్మ కోప్పడేదట.

హుట్‌స్పాట్ తియ్యగా ఉంటుంది, క్యారెట్ వల్ల. ఉప్పు, మిరియాలు తప్ప మరేమీ ఉండవు. నాన్న మొదటి రెండు ముద్దలూ నెమ్మదిగా తిన్నారు. తర్వాత గోంగూర కొంచెం నంజుకున్నారు. ఆ తీపికి ఆ పులుపు భలే కుదిరింది. అత్తగారూ చెంచా కొసన తీసుకుని, నీళ్లు తాగి, మళ్లీ తీసుకున్నారు. మూడోసారి అడిగి వేసుకున్నారు. "వదినగారూ, ఈ సీసా మీకే" అని అమ్మ ఇచ్చేసింది. వదిన అనే మాట నేర్చుకుని ఆవిడ ఆ రాత్రి నాలుగుసార్లు అమ్మని అలాగే పిలిచారు.

ఆఖర్న జీలకర్ర వేసిన లైడెన్ చీజ్ పెట్టారు. శాకాహార రెనెట్‌ది వెతికి తెచ్చారట. పెద్దక్కా, ఆ సంగతి నేను చెప్పలేదు, తనే కనుక్కున్నారు.

ఆదివారం దూరమైనా నాన్న కోసం ఆఫ్స్‌లౌట్‌డైక్ మీదుగా వెళ్లాం. సముద్రానికి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట, 1932లో పూర్తయింది. ఒక పక్క సముద్రం, మరో పక్క మంచినీళ్లు. నాన్న కారు ఆపించి, ఆ చలిగాలిలో నిలబడి చాలాసేపు చూశారు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. బందరు లడ్డు గారూ, హిందెలోపెన్ ఆగడానికి టైమ్ కుదరలేదు.

ఓమా గుమ్మంలోనే నిలబడి ఉంది. చెయ్యి కలిపి వదల్లేదు. అమ్మ వంగి కాళ్లకి దండం పెడితే కంగారుపడి అమ్మని లేపి గట్టిగా పట్టుకుంది. వంటింట్లో స్నెర్ట్ ఉడుకుతోంది. మాంసం వెయ్యకుండా, బద్దల బఠానీ, సెలెరీ దుంప, లీక్, క్యారెట్‌తో ముందురోజే చేసి ఉంచింది. స్నెర్ట్ మర్నాటికే బాగుంటుందని, చెంచా నిలబెడితే నిలబడాలని చెప్పింది. నిలబడింది! తోడుగా నల్లటి రై రొట్టె. ఆ రొట్టె కాస్త పుల్లగా, గట్టిగా ఉంటుంది. నాన్న సగం తిని పళ్లెంలో వదిలేశారు.

ఓమా ఏమీ అనలేదు. ఆ సగం ముక్క తీసి, కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టింది. నాన్న గమనించి నొచ్చుకున్నారు. అప్పుడు ఓమా చెప్పడం మొదలుపెట్టింది. మావారు ఇంగ్లీషులోకి, నేను తెలుగులోకి.

ఆవిడ పుట్టింది ఆమ్స్‌టర్‌డామ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 చలికాలానికి ఏడేళ్లు. జర్మన్లు తిండి రానివ్వకుండా చేశారు, కాలవలు గడ్డకట్టాయి, పొయ్యిలోకి బొగ్గు లేదు. ఊరి వంటశాల ముందు గిన్నె పట్టుకుని వరసలో నిలబడితే నీళ్లలాంటి చారు పోసేవారు. ఇంట్లో చక్కెర దుంపలు, తులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. "తులిప్ దుంప గొంతులో మండుతుంది" అంది, ఇప్పటికీ మొహం ముడుచుకుంటూ. ఆ చలికాలం ఈ దేశంలో ఆకలికి దాదాపు 20,000 మంది పోయారు. వాళ్ల తమ్ముడు కూడా. తర్వాత ఆవిణ్ణి పిల్లల ఓడలో ఐసెల్‌మేర్ సరస్సు దాటించి ఫ్రీస్‌లాండ్‌లోని లెమర్ రేవులో దింపారు. ముక్కూ మొహం తెలియని రైతు దంపతులు ఇంటికి తీసుకెళ్లి, మొదటిరోజు పెట్టింది ఈ బఠానీ చారూ, ఈ నల్ల రొట్టే. ఎక్కువ తింటే కడుపు తట్టుకోదని కొంచెం కొంచెంగా పెట్టారట. యుద్ధం అయ్యాక ఇంటికెళ్లినా, పెద్దయ్యాక ఆ ఊరి అబ్బాయినే చేసుకుని ఇక్కడే ఉండిపోయింది.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నాకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. ఈ బుధవారానికి 48 ఏళ్లు. నాన్నకి పదేళ్లు, అప్పుడు నాగాయలంక దగ్గర మేనత్త ఇంట్లో ఉన్నారు. రాత్రంతా తాతయ్యల కాలం నాటి డాబా మీద. తెల్లారేసరికి కింద ఊరు లేదు. మూడోరోజు లారీలో పులిహోర పొట్లాలు వచ్చాయట. "తడిసిపోయిన ఆ పొట్లంలో మెతుకు కూడా వదల్లేదు. ఆ సంగతి నేను మర్చిపోయానని ఈవిడకి చెప్పు" అన్నారు. చెప్పాను. గొంతు పెగల్లేదు, అయినా చెప్పాను.

ఓమా లేచి ఆ డబ్బా తెరిచి రొట్టె ముక్క మళ్లీ పళ్లెంలో పెట్టింది. నాన్న స్నెర్ట్‌లో ముంచుకుని తినేశారు.

మిగతాది రేపు రాస్తాను. అమ్మ పిలుస్తోంది.

---

ఐందోవెన్ ఇంజినీరు | సోమవారం, రాత్రి 9:30

చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా పక్కింటి పెద్దాయనకి కూడా 90 దాటాయి. ఆ డబ్బా మూసింది ఆయనే. ఆయన చిన్నతనం గురించి నేనెప్పుడూ అడగలేదు. మా అమ్మకి కలిగిన బాధ పోయిందని అనను, కానీ ఈ శనివారం ఆయన్ని మా ఇంటికి భోజనానికి పిలుస్తాను.

---

హేగ్ పెద్దక్క | సోమవారం, రాత్రి 9:48

పిలువు తమ్ముడూ. మూడు వారాల ముందు డేట్ అడుగుతాడు, విసుక్కోకు. కారం తగ్గించు.

---

కడప పొంగనం | మంగళవారం, ఉదయం 8:15

పెనం సంగతి చెప్పనే లేదు!

---

తెనాలి అమ్మాయి | మంగళవారం, సాయంత్రం 7:20

ఉంది! నాలుగింటికి ఓమా అలమార కింద నుంచి తీసింది. నల్లటి పోత ఇనుము, చిన్న చిన్న గుంటలు. అమ్మ కుర్చీలోంచి లేచి, "అమ్మాయ్, గుంట పునుగుల పెనం!" అని కేకేసింది. ఓమా పోసేది, అమ్మ తిప్పేది. ఓమా రెండు ముళ్ల ఫోర్కుతో తిప్పుతుంది, అమ్మ చెంచా కాడతో. ఒకరి భాష ఒకరికి రాదు, నన్ను మాత్రం వంటింట్లోకి రానివ్వలేదు. అమ్మ అలవాటుగా మూత పెట్టబోతే ఓమా చెయ్యి పట్టుకుని ఆపింది. వీటికి మూత పెట్టరు. వెన్న ముక్క, పైన పొడి చక్కెర చల్లి వేడిగా తినాలి.

---

కడప పొంగనం | మంగళవారం, సాయంత్రం 7:34

మా కడపలో గుంత పొంగనాలు అనాలి, పునుగులు కాదు. మీ అమ్మగారికి నమస్కారాలు. కొలతలు కావాలి. గుడ్డు వెయ్యలేదా?

---

తెనాలి అమ్మాయి | మంగళవారం, సాయంత్రం 7:58

చాలామంది వేస్తారు, ఓమా వెయ్యదు. ఆవిణ్ణి పెంచిన రైతమ్మ చేసే తీరు అదేనట. బక్‌వీట్ పిండి 125 గ్రాములు, గోధుమ మైదా 125 గ్రాములు, పొడి ఈస్ట్ 7 గ్రాముల పొట్లం ఒకటి, చిటికెడు ఉప్పు, గోరువెచ్చని పాలు దాదాపు 300 మిల్లీలీటర్లు. గంట సేపు మూతేసి ఉంచితే పొంగుతుంది. గుంటల్లో వెన్న బాగా రాసి, సగానికి కొంచెం పైగా పొయ్యాలి. పైన బుడగలొచ్చి అంచులు ఆరగానే తిప్పేయాలి.

అమ్మ తెనాలి వెళ్లాక చేస్తానంటోంది. అక్కడ బక్‌వీట్ దొరుకుతుందా?

---

మాస్ట్రిఖ్ట్ కోడలు | మంగళవారం, రాత్రి 8:20

కుట్టు పిండి అని అడగమనండి. ఉత్తరాదివాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో తినేది అదే. హైదరాబాద్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లలో ఉంటుంది, తెనాలికి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. తాజాది చూసి కొనాలి, పాతదైతే చేదొస్తుంది.

---

తెనాలి అమ్మాయి | మంగళవారం, రాత్రి 8:41

థాంక్యూ అండీ, రాసిపెట్టుకున్నాను. ఇందాకే ఓమా ఫోన్ చేసింది. అమ్మ పెనంలో వేసే ఉప్పటి పిండి ఎలా రుబ్బాలో అడుగుతోంది. మినప్పప్పు, బియ్యం వచ్చే ఆదివారం మేమే పట్టుకెళ్తున్నాం.